ఈజిప్టు బ్లేడుకు మార్కులు లేవు

జూన్ 9, సోమవారం

మా ఆయన మధు నోట్‌బుక్కులో ఇది నలభై మూడో పేజీ. నలభై రెండు దాకా తన చేతిరాత. బ్లేడు ఏ దేశంలో తయారైంది, ఎన్నోసారి వాడుతున్నాడు, పదునుకు పదికి ఎన్ని, మెత్తదనానికి పదికి ఎన్ని, చివర ఒక మాట. ‘జపాన్. మొదటిసారి. పదును 9, మెత్తదనం 5. చెయ్యి కాస్త బరువు పడినా ఊరుకోదు.’ అన్నీ ఇలాగే. తరవాతి పేజీలన్నీ ఖాళీ. వేరే నోట్‌బుక్కు కొనాలంటే నాలుగంతస్తులు దిగి మదీనాగూడ మెయిన్ రోడ్డు దాకా వెళ్లాలి. ఇందులోనే రాస్తాను.

ఇవాళ మధుకు గడ్డం గియ్యడానికి రష్యా బ్లేడు వేశాను. రెండోసారి. ఎడమ చెంప మీద గీస్తుంటే కనుబొమ్మ కూడా కదల్లేదు. పదును 7, మెత్తదనం 8. కుడి చెంప మీదా కదల్లేదు గాని అది లెక్కలోకి రాదు. మార్చి పదకొండు నుంచి మధుకు కుడివైపు స్పర్శ లేదు.

ఈజిప్టుది ఇంకా వెయ్యలేదు.

జూన్ 10

రష్యా, మూడోసారి. నిన్నటిలాగే.

జూన్ 11, బుధవారం

మధ్యాహ్నం మధు పడుకున్నాక రాస్తున్నాను. భాగ్యమ్మ గిన్నెలు తోముతోంది.

బ్లేడ్లన్నీ బిస్కెట్ల రేకు డబ్బాలో ఉన్నాయి. జపాన్, రష్యా, జర్మనీ, టర్కీ, ఈజిప్టు, మన దేశానివి. దేశానికొక రబ్బరు బ్యాండు. ఆరేళ్ల కిందట మామూలు రేజరుతో మెడ మీద పొక్కులు వస్తున్నాయని మొదలుపెట్టాడు. స్టీలు రేజరొకటి, రెండువైపులా పదునుండే బ్లేడ్లు, బ్రష్షు, గిన్నె. పదిరోజులకు మోజు తీరిపోతుందనుకున్నాను. తీరలేదు. బ్లేడు పదును కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది అనేవాడు. మొద్దుబారిందయితే వెంట్రుకను పీకుతుందట, ఆ చప్పుడు వేరట. మంచిదయితే కాగితం మీద పెన్సిలు నడిచినట్టు ఉంటుందట.

నేను విన్నాను. నిజమే.

నా ఉద్యోగం కూడా ఇలాంటిదే. పదిహేడేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకుంటున్నాను. ఒకటి మార్చినప్పుడు మిగతావన్నీ మార్చకుండా ఉంచాలి. అందుకని అదే సబ్బు, అదే వేడినీళ్లు, అదే ఉదయం తొమ్మిది గంటలు, అదే కుర్చీ. బ్లేడు ఒక్కటే మారుతుంది.

జూన్ 12, గురువారం

ఫిజియోథెరపీకి వచ్చే స్వప్న ఇవాళ తొందరగా వచ్చింది. నా చేతిలో రేజరు చూసింది.

“మేడమ్, బ్లేడు వద్దండి. సార్ రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు కదా. గాటు పడితే తొందరగా ఆగదు. ట్రిమ్మర్ తీసుకోండి.”

“ట్రిమ్మర్ ఆయనకు నచ్చదమ్మా.”

“అడిగారా అండి?”

“పందొమ్మిదేళ్లుగా తెలుసు.”

ఆ అమ్మాయి మధు కుడిచెయ్యి పైకెత్తి, దించి, పైకెత్తి, దించి వెళ్లిపోయింది.

మధుకు ఇప్పుడు మూడు మాటలున్నాయి. అవు. వద్దు. అది. మెదడులో ఎడమవైపు రక్తనాళానికి గడ్డ అడ్డుపడింది, మాట అక్కడే ఉంటుందట. మనం అనేదంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పడమే రాదు అన్నాడు డాక్టరు. మెల్లగా రావచ్చు అని కూడా అన్నాడు.

జర్మనీ, మొదటిసారి. పదును 6, మెత్తదనం 8.

జూన్ 14, శనివారం

ఆకుపచ్చ కాగితం బ్లేడు గురించి ముప్పై ఒకటో పేజీలో ఉంది. ఇదివరకు అది రష్యాలో తయారై వచ్చేది. తరవాత అదే కాగితం, అదే పేరు, వెనక సన్నటి అక్షరాల్లో మాత్రం మన దేశం పేరు. పాతదే మేలు, కొత్తది గరుకు అని మధు వాదన. ఫోన్లో ఇలాంటి పిచ్చివాళ్ల గుంపొకటి ఉంది, అందరిదీ అదే మాట. పాత సరుకు ఎక్కడ దొరికినా తెప్పించేవాడు.

నిరుడు ఒక ఆదివారం నేనే పరీక్ష పెట్టాను. పాతవి నాలుగు, కొత్తవి నాలుగు. కాగితాలు తీసేసి మార్కరుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేశాను. ఏది ఏదో నాకొక్కదానికే తెలుసు. ఎనిమిది రోజులు గీసుకుని ఒక్కొక్కటి ఏ దేశానిదో చెప్పాడు. ఎనిమిదింట్లో ఐదు తప్పు.

మొదట నమ్మలేదు. నేను అంకెలు తారుమారు చేశానన్నాడు. తరవాత బాత్రూం గోడకు ఆనుకుని నురగ మొహంతో నవ్వాడు. “ఉమా, ఎవ్వలకు చెప్పకు, పరువు పోతది” అన్నాడు. మా వర్షిత తలుపు దగ్గర నిలబడి “మీ ఇద్దరికీ పిచ్చి లేసింది” అంది.

ముప్పై ఒకటో పేజీలో మధు రాసుకున్న మాట: ‘తేడా బ్లేడులో లేదేమో. అయినా పాతదే బాగుంది.’

ఇవాళ పాతదానితో ఎడమ చెంప సగం, కొత్తదానితో మిగతా సగం గీశాను. మధు నన్నే చూస్తున్నాడు. తేడా లేదు. రెండింటికీ 7.

జూన్ 15, ఆదివారం

వర్షిత వచ్చింది. బాచుపల్లిలో ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. నెలకు రెండు ఆదివారాలు పంపుతారు. వాళ్ల నాన్న మంచం మీదే కూర్చుని కెమిస్ట్రీ చదువుకుంది. పైకి చదువుతుంటే మధు వింటున్నాడు.

వంటింట్లోకి వచ్చి అడిగింది.

“అమ్మా, ఆ రోజు నువ్వు ఆఫీసుకు పొయ్యేటప్పుడు నాన్న ఏం చేస్తుండె?”

“గడ్డం గీసుకుంటుండె.”

“నీతోని మాట్లాడిండా?”

“బాత్రూంలో ఉండె కదా.”

“అంటే నువ్వు చూడలే.”

“క్యాబ్ కింద ఆగి ఉండె, వర్షితా. లేటయితుండె.”

“ఊకె అడిగిన” అంది. పప్పులో ఉప్పు చూసి బాగుందంది. సాయంత్రం హాస్టల్లో దింపి వచ్చాను. నిజాంపేట దగ్గర గంట ట్రాఫిక్.

జూన్ 16

మేనేజరు మెయిల్. ఇంటి నుంచి పని చేసుకోవడానికిచ్చిన గడువు అయిపోయిందట. జులై ఏడు నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి. సరే అని రాశాను.

టర్కీ, మొదటిసారి. పదును 7, మెత్తదనం 7.

జూన్ 17

టర్కీ, రెండోసారి. మొదటిసారి కన్నా మేలు. చాలా బ్లేడ్లు రెండోసారే బాగుంటాయి, మొదటిసారి అంచు కొంచెం మొరటుగా ఉంటుంది. మధు రాశాడు, ఇరవయ్యో పేజీ.

జూన్ 19, గురువారం

జపాన్‌ది. సబ్బు మీదుగా పోయిందో లేదో కూడా తెలియలేదు, గడ్డం లేదు. చప్పుడే లేదు. పదును 9.

మధ్యలో మధు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. “వద్దు” అన్నాడు. నీళ్లు చల్లారినట్టున్నాయి. మళ్లీ వేడిచేసి తెచ్చాను. మళ్లీ “వద్దు.” కొంచెమే మిగిలింది, పూర్తిచేశాను. సగం గీసి వదిలేస్తే బాగుండదు.

జూన్ 20

వద్దు అన్నాడు. ఈ సబ్బు వాసన పడటం లేదేమో. సబ్బు మార్చాను. అంటే ఇవాళ్టి మార్కులు లెక్కలోకి రావు.

జూన్ 23, సోమవారం

తెగింది.

జూన్ 24, మంగళవారం

నిన్న రాయలేకపోయాను.

జపాన్‌దే. ఎడమ చెంప అయిపోయింది, కుడివైపుకు వచ్చాను. దవడ ఎముక దగ్గర చర్మం వదులుగా ఉంటుంది, అక్కడ. నాకు తెలియలేదు. మధుకూ తెలియలేదు. తను టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. నేను రేజరు కడుక్కుని తిరిగేసరికి నురగ ఎర్రగా అయింది. మెడ మీదుగా బనీనులోకి కారుతోంది. తను టీవీ చూస్తూనే ఉన్నాడు. బౌండరీ పోయినట్టుంది, మొహంలో కొంచెం నవ్వు ఉంది.

టవలుతో అదిమాను. ఐదు నిమిషాలయినా ఆగలేదు. టవలు మొత్తం తడిసింది. అప్పుడు నా మొహం చూసి మధు తన మెడ తడుముకున్నాడు, చెయ్యి చూసుకున్నాడు. నన్ను చూశాడు.

భాగ్యమ్మ వచ్చింది అప్పుడే. నా చేతిలో టవలు లాక్కుని తనే అదిమిపట్టింది. ఇరవై ఐదు నిమిషాలకు ఆగింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆగింది కాబట్టి ఫరవాలేదు, ఇకమీద బ్లేడు వద్దన్నాడు.

మధు పడుకున్నాక భాగ్యమ్మ వంటింట్లో అడిగింది.

“ఏందమ్మా గిది? మనిషనుకుంటున్నవా, చెక్క అనుకుంటున్నవా? రోజూ వద్దు వద్దు అంటుండు సారు. గిన్నెలు తోముకుంటనే ఇంటున్న నేను.”

“సబ్బు పడక అంటున్నడనుకున్న.”

“సబ్బు గాదు. నాకు తెల్వదా? ఆ దినం తలుపు తీసింది నేనే కదా. కింద పడి ఉండె. సగం మొకానికి నురగ ఎండిపోయి ఉండె. కండ్లు తెరుసుకోని తలుపు దిక్కే చూస్తుండె. మూడు గంటలు గట్లనే చూసిండో ఏమో. ఇప్పుడు రోజూ మళ్ల ఆ నురగే పెడ్తివి, ఆ కత్తే పడ్తివి. మనిషికి ఎట్లుంటది?”

నేను ఇంతవరకు అది ఆలోచించలేదు. ఆలోచించలేదని రాస్తున్నాను గాని.

జూన్ 25, బుధవారం

ఈజిప్టు బ్లేడు ఎందుకు వెయ్యలేదో రాస్తాను.

మధు చివరి రాత నలభై రెండో పేజీలో. ‘మార్చి 10. ఈజిప్టు. మొదటిసారి. పదును 6, మెత్తదనం 6. రెండోసారికి బాగుపడవచ్చు. రేపు చూడాలి.’

మార్చి పదకొండు పొద్దున ఎనిమిదీ పదికి నేను చాయ్ ఇచ్చాను. తాగి బాత్రూంలోకి వెళ్లాడు. ఆ రోజు నాకు తొమ్మిదింబావుకు క్లయింటుతో మీటింగు. రాయదుర్గం చేరాలి. ఎనిమిదిన్నర దాటాక లోపలి నుంచి “ఉమా, టవల్” అని పిలిచాడు. గొంతు బాగానే ఉంది. గడియారం చూశాను, ఎనిమిదీ ముప్పై ఐదు. టవలు తలుపుకు తగిలించి, “ఇంకెంతసేపు?” అన్నాను. “ఐదు నిమిషాలు, ఇయ్యాల రెండోసారి కదా, సూడాలె” అన్నాడు. అంతకుముందు రోజు కూడా ఇదే పంచాయితీ, నేను మొహం కడుక్కోవాలన్నా దొరకదని.

ఎనిమిదీ నలభైకి చెప్పులు వేసుకుంటుంటే లోపల రేజరు పడిన చప్పుడయింది. ఇనుము టైల్స్ మీద పడినట్టు. దాని వెనకే ఇంకో చప్పుడు. మెత్తగా, పెద్దగా.

ఆ రెండో చప్పుడు నేను విన్నాను. బకెట్టు అనుకున్నాను. ఇన్నాళ్లూ బకెట్టు అనుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నిమిషాన బకెట్టు అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. కోపంగా ఉన్నాను. “నీకు బ్లేడ్లే సంసారం. ఉండు అండ్లనే” అన్నాను. గట్టిగానే అన్నాను. జవాబు రాలేదు. జవాబు రానందుకు ఇంకా కోపం వచ్చింది. తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయాను.

బాత్రూంకు మధు ఎప్పుడూ గడియ పెట్టుకోడు. తోస్తే తెరుచుకునేది.

పదకొండున్నరకు భాగ్యమ్మ తన దగ్గరున్న తాళంచెవితో ఇంట్లోకి వచ్చి చూసి నాకు ఫోన్ చేసింది. అంబులెన్సు ఆసుపత్రి చేరేసరికి పన్నెండూ యాభై. నేను అప్పటికే అక్కడున్నాను. గడ్డ కరిగే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. డాక్టరమ్మ అడిగింది, “ఆయన బాగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు, ఎన్నింటికి?” నేను ఎనిమిదీ పది అన్నాను. చాయ్ ఇచ్చినప్పుడు అన్నాను. ఆమె వాచీ చూసుకుంది. గడువు దాటిపోయింది అంది.

ఎనిమిదీ ముప్పై ఐదు అని చెప్పలేదు. చెబితే టవలు అడిగాడని చెప్పాలి. ఆ తరవాత ఏమయిందని అడిగితే చప్పుడు చెప్పాలి. చెబితే ఇంకా పావుగంట ఉండేది. స్కానింగుకే ఇరవై నిమిషాలు పట్టింది కాబట్టి ఆ పావుగంట ఎందుకూ పనికొచ్చేది కాదని ఇన్నాళ్లూ లెక్క వేసుకుంటున్నాను. పనికొచ్చేదేమో నాకు తెలియదు. ఎనిమిదీ నలభైకి తలుపు తోసి ఉంటే మాత్రం నాలుగు గంటలు ఉండేవి. ఆ లెక్కలో ఏ తేడా రాదు, ఎన్నిసార్లు వేసినా.

రేజరును ఆ రోజే భాగ్యమ్మ కడిగి అద్దం ముందు పెట్టింది. ఏప్రిల్లో మధును ఇంటికి తెచ్చాక విప్పి చూశాను. లోపల ఈజిప్టు బ్లేడు, దాని మీద ఎండిన నురగ. అలాగే తీసి దాచాను. ఇవాళ దాన్ని కాగితంలో చుట్టి, ఇంకో కాగితంలో చుట్టి, చెత్తలో వేశాను. కిందికి వెళ్లి నా చేత్తోనే పెద్ద డబ్బాలో వేసి వచ్చాను.

జూన్ 27, శుక్రవారం

మధుకు చెప్పాను.

స్వప్న వెళ్లిపోయాక కుర్చీ ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. టీవీ ఆపేశాను. టవలు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆఫీసులో తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేటప్పుడు చెప్పినట్టు వరసగా చెప్పాను. ఏడుపు రాలేదు. రెండో చప్పుడు దాకా వచ్చాక ఆగాను. నీళ్లు తాగి మళ్లీ చెప్పాను. డాక్టరమ్మకు చెప్పిన టైము కూడా చెప్పాను.

మధు మొహం ఎడమవైపు కదిలింది. పెదాలు కూడదీసుకున్నాడు. చాలాసేపు పట్టింది. నేను అందివ్వలేదు, అందివ్వకూడదని స్వప్న చెప్పింది.

“వి... విన్న.”

కొత్త మాట. మూడు నెలల్లో నాలుగో మాట.

“ఏం విన్నవ్ మధూ? తలుపు చప్పుడా?”

“అవు.”

“నేనన్న మాట?”

“అవు.”

కళ్లు మూసుకున్నాడు. నేను కూర్చునే ఉన్నాను. కాసేపటికి కళ్లు తెరవకుండానే ఇంకో మాట అన్నాడు. అది స్పష్టంగా వచ్చింది.

“పో.”

లేచి హాల్లోకి వచ్చాను.

జూన్ 28

నా చేతి అన్నం తినలేదు. భాగ్యమ్మ తినిపించింది.

జూన్ 29

అదే.

జులై 1, మంగళవారం

గడ్డం వారం రోజులది. తెల్లవి ఎక్కువున్నాయి, నాకు తెలియనే లేదు. రోజూ గీస్తూ ఉంటే కనపడలేదు.

మాత్రలు ఇస్తే తీసుకుంటాడు. నన్ను చూడడు. రేకు డబ్బా అల్మారా పైకి ఎక్కించాను. ట్రిమ్మర్ తెప్పించాను, పెట్టె విప్పలేదు.

జులై 3, గురువారం

భాగ్యమ్మ తనంతట తనే మెయిన్ రోడ్డు మీది సెలూన్ శివను తీసుకొచ్చింది. మధు గడ్డం గోక్కుంటూ ఉన్నాడట, పక్కు కడుతోందట. నేను మాత్రల సంగతి చెప్పాను. శివ సంచీలోంచి మిషను తీశాడు.

“బ్లేడు పెట్టనమ్మా, ఫికర్ చెయ్యకున్రి. మా నాయినకు గూడ గవే మాత్రలుండె.”

ఊరికే అడిగాను, సెలూన్లో ఏ దేశం బ్లేడ్లు వాడతారని. నవ్వాడు.

“మాకు దేశాలేడియమ్మా. బ్లేడు మధ్యల విరిచి మనిషికి సగం. గీకినంక పారేసుడే. మంచిదో చెడ్డదో తెలుసుకునే లోపల్నే అయిపోతది.”

మధు ముందు కూర్చుని మొదట కుడి చెంప మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. “సార్, ఈ దిక్కు నీకు తెల్వదంట గదా. అందుకే ముందుగాల చెప్తున్న, ఇగో, ఇక్కణ్నుంచి మొదలువెడ్తున్న” అన్నాడు. మధు చేతిని పట్టి తన కుడి చెంప మీద పెట్టించి, మిషను ఎక్కడిదాకా వస్తోందో ఆ వేళ్లకు తగిలేట్టు నడిపాడు. మధు కళ్లలోంచి నీళ్లు కారాయి. శివ ఏమీ చూడనట్టు పని చేసుకుపోయాడు.

నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. రెండు నెలలు ఆ చెంప మీద గీశాను. ఒక్కసారి కూడా చెప్పలేదు.

జులై 6, ఆదివారం

వర్షితకు చెప్పాను. వంటింట్లో, నిలబడే.

మొత్తం విన్నది. “భాగ్యమ్మకు తెల్సా?” అంది. తెలియదన్నాను. “నాన్నకు?” చెప్పానన్నాను. “ఏమన్నడు?” పొమ్మన్నాడన్నాను.

“నేను పోయిన నెల అడిగిన కదా నిన్ను. నిలబెట్టి అడిగిన కదా.”

“అడిగినవ్.”

“క్యాబ్ అన్నవ్.”

“అవును.”

“క్యాబ్ వచ్చిందని నాన్నను ఇడిసిపెట్టి పోయినవ్ అమ్మా నువ్వు.”

అరవలేదు. అరిస్తే బాగుండేది. వాళ్ల నాన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మధ్యాహ్నం తినలేదు. నాలుగింటికి బ్యాగు వేసుకుని వచ్చింది. దింపుతానంటే వద్దంది, ఆటో బుక్ చేసుకుంది. లిఫ్టు దాకా వెళ్లాను. లిఫ్టు తలుపులు మూసుకునే దాకా ఫోనే చూసుకుంది.

జులై 7, సోమవారం

ఆఫీసుకు వెళ్లాను. నా సీటు వేరేవాళ్లకిచ్చారు. కిటికీ పక్కన ఒకటి చూపించారు. అందరూ మధు ఎలా ఉన్నాడని అడిగారు. బాగున్నాడన్నాను. పగలంతా ఇంట్లో భాగ్యమ్మ ఉంది. ఐదింటికి బయల్దేరితే ఏడున్నర అయింది.

తలుపు తీసేసరికి మధు హాల్లో చక్రాల కుర్చీలో ఉన్నాడు. తలుపు వైపు మొహం పెట్టి.

“మూడింటి నుంచి గీడనే కూసున్నడు. లోపలికి రాడు” అంది భాగ్యమ్మ.

నేను వచ్చిన చప్పుడు విని కుర్చీ తనే తిప్పుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

జులై 8

వర్షిత ఫోన్ ఎత్తలేదు. హాస్టల్లో సాయంత్రం అరగంటే ఫోన్ ఇస్తారు. ఆ అరగంటా చేశాను.

జులై 9, బుధవారం

ఎత్తలేదు.

ఇవాళ రాత్రి అన్నం నేను కలిపి పెడితే మధు తిన్నాడు. నాలుగు ముద్దలు. ఐదోదానికి “వద్దు” అన్నాడు. వద్దంటే ఆపేశాను.

జులై 10, గురువారం

ఆఫీసు లేదు. స్వప్న వచ్చి వెళ్లింది. మధు కుడికాలి బొటనవేలు కదిలిందంది. నేను చూశాను, కదిలింది. చాలా కొంచెం.

సాయంత్రం ఆరుంబావుకు ఫోన్ మోగింది. నాది కాదు, మధుది. నాలుగు నెలలుగా చార్జింగు పెడుతూ ఉంచాను గాని ఎవరూ చెయ్యరు. వర్షిత. నేను ఎత్తాను.

“నాన్నకియ్యి” అంది.

“ఇస్తున్న. ఎట్లున్నవ్?”

“నాన్నకియ్యమ్మా.”

స్పీకరు పెట్టబోతే వద్దంది, నాన్నతో ఒక్కదాన్నే మాట్లాడతానంది. మధు ఎడమచేతికి ఫోనిచ్చాను. చెవి దగ్గర పెట్టుకున్నాడు. గది నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆ పిల్ల గొంతు నాకు కొంత వినపడుతోంది. టెస్టు ఎలా రాసిందో చెబుతోంది. మధు “అవు” అంటున్నాడు. తరవాత గొంతు తగ్గించి ఏదో అడిగింది. నాకు తెలియలేదు.

నా గురించే అనుకుంటాను. నేను ఉండకూడదనిపించింది. లేచాను.

మధుకు పనిచేసే చెయ్యి ఒకటే. ఆ చేతిలోని ఫోన్ దిండు మీదికి వదిలేసి నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా. కోపంగా పట్టుకున్నాడో ఎలా పట్టుకున్నాడో మొహం చూసి చెప్పలేను. సగం మొహమే చెబుతుంది, ఆ సగం దిండు వైపు ఉంది. విడిపించుకోలేదు. మంచం మీద కూర్చున్నాను.

దిండు మీంచి వర్షిత పిలుస్తోంది. “నాన్నా? నాన్నా, ఉన్నవా? పలుకుతలేవేంది? నాన్నా?” గొంతులో భయం.

మధు నన్ను చూశాడు.

నేను ఫోన్ దగ్గరికి వంగాను.

“ఉన్నం” అన్నాను.